కందిరీగ కుట్టుకు మందు: మా అవ్వ సున్నపు డబ్బీ

పోయిన ఉగాదికి ముందు మేము ఇంటికి రంగు వేసుకుంటూ ఉన్నాం. వెనక కిటికీ రెక్క బిగుసుకుపోయి ఉంటే నేను గట్టిగా లాగినాను. దాని వెనక కందిరీగల గూడు ఉందని నాకు తెలియదు. రెండు కుట్టినాయి. ఒకటి చేతి మీద, ఇంకొకటి పై పెదవి మీద. చేతి సంగతి అప్పుడే మర్చిపోయినాను. పెదవి మాత్రం నిప్పు కణిక పెట్టినట్టు మండింది. నేను అరిచిన అరుపుకు పక్కింటి వాళ్లు కూడా పరిగెత్తి వచ్చినారు.

ఆ తర్వాత ఐదు నిమిషాల్లో నా పెదవి మీద ఏమేం పడినాయో చెప్తాను. పక్కింటి అత్త ఎర్రగడ్డ కోసి రుద్దింది. మా చిన్నాన్న పళ్ల పేస్టు పూసినాడు. రంగు వేసే అన్న "ఇనుము రుద్దాలప్పా" అని బీగం చెవి తీసి రుద్దినాడు. మా తమ్ముడు ఎవరు చెప్పినారో ఏమో, పిడికెడు తడి మన్ను తెచ్చినాడు. వీళ్లందరినీ పక్కకు నెట్టి మా అవ్వ నడుము దగ్గరి సంచిలోంచి సున్నపు డబ్బీ తీసింది. వేలి నిండా సున్నం తీసి నా పెదవికి మెత్తింది. "గమ్మునుండు నాయనా, ఇప్పుడే దిగిపోతాది" అనింది. ఆ వేలు వణుకుతూ ఉండింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

గంటకంతా మంట తగ్గింది. మూతి వాపు మాత్రం రెండు రోజులు ఉండింది. బడికి పోతే మా క్లాసు వాళ్లు నన్ను "ఆంజనేయా" అని పిలిచినారు. ఆ రోజు సాయంత్రం ఇంట్లో పెద్ద వాదులాట. ఎర్రగడ్డ వల్లే తగ్గిందని అత్త, పేస్టు వల్లే అని చిన్నాన్న. బీగం చెవి అన్న అయితే మరుసటి రోజు పనికి వచ్చినప్పుడు కూడా "చూస్తివా, ఇనుము!" అన్నాడు.

మా సోషల్ సార్ ఈ పత్రికకు వ్యాసాలు అడిగినప్పుడు, రాజులు యుద్ధాలు అందరూ రాస్తారు, మీ ఇంట్లో మొదలయ్యే చరిత్ర ఏదైనా రాయండి అన్నారు. నాకు ఈ వాదులాట గుర్తొచ్చింది. ఒక చిన్న పురుగుకు ఇన్ని మందులు ఎక్కడి నుంచి వచ్చినాయి? అందరూ తమ మందే పని చేసిందని ఎందుకు అనుకుంటారు? దీని గురించి చదవడం మొదలుపెడితే అది మా ఇంట్లోనే ఎవరూ మాట్లాడని ఒక సంగతి దగ్గరికి పోయి ఆగింది. దాన్ని చివర చెప్తాను.

ముందు మాట గురించి. మేము కందిరీగ అంటాం. మా వీధిలో కన్నడం మాట్లాడేవాళ్లు కణజ అంటారు. తెలుగులో పాము కరుస్తుంది, కుక్క కరుస్తుంది. కందిరీగ, తేలు, తేనెటీగ మాత్రం కుడతాయి. సూదితో బట్ట కుట్టడానికీ అదే మాట. మా బళ్ళారిలో జీన్సు ప్యాంట్లు కుట్టే ఇళ్లు వీధికి పది ఉంటాయి కాబట్టి ఇది నాకు సులభంగా అర్థమైంది. కందిరీగ ముల్లు మిషను సూది లాంటిది. నున్నగా దిగి నున్నగా బయటికి వస్తుంది. అందుకే ఒకే కందిరీగ మళ్లీ మళ్లీ కుట్టగలదు. తేనెటీగ ముల్లు చేపల గాలం లాంటిది. దానికి వెనక్కి తిరిగిన కొక్కేలు ఉంటాయి కాబట్టి చర్మంలోనే ఇరుక్కుపోతుంది, విషపు సంచి కూడా దాంతోనే ఊడి వస్తుంది, ఈగ చచ్చిపోతుంది. ఆ ముల్లును గిల్లి తీయకూడదు, గోటితో గీకి తీయాలి అని పెద్దవాళ్లు చెప్తారు. 1996లో అమెరికా శాస్త్రవేత్తలు తమ చేతుల మీదే కుట్టించుకుని చూస్తే, ఎట్లా తీసినా ఒకటే, ఎంత తొందరగా తీస్తే అంత మంచిది అని తేలింది. ఇంకో సంగతి, కుట్టేవి ఆడవి మాత్రమే. గుడ్లు పెట్టే అవయవమే వాటికి ముల్లుగా మారింది. ఇది చెప్పినప్పుడు మా చిన్నాన్న నవ్విన నవ్వుకు మా చిన్నమ్మ ఆయనతో ఒక పూట మాట్లాడలేదు.

మన దేశంలో ఈ విషాల గురించి చాలా పాతకాలం నుంచే రాసి పెట్టినారు. సుశ్రుత సంహితలో కల్పస్థానం అని ఒక భాగం ఉంది. అది మొత్తం విషాల గురించే. అందులో చివరిదైన ఎనిమిదో అధ్యాయం కీటకాల మీద. అంటే పాములతో పాటు ఈగలు, చీమలు, తేళ్ల కుట్టు కూడా వైద్యుడు చూడాల్సిన పనే అని అప్పుడే అనుకున్నారు.

"భ్రమర కీటక న్యాయం" అనే మాట మా అవ్వ హరికథల్లో విని నాకు చెప్పింది. కందిరీగ లాంటి తుమ్మెద ఒక పురుగును పట్టుకొచ్చి మట్టి గూట్లో పెట్టి, చుట్టూ ఝుమ్మని తిరుగుతూ కుడుతూ ఉంటే, ఆ పురుగు భయంతో దాన్నే తలచుకుంటూ చివరికి తానూ తుమ్మెద అయిపోతుందంట. గురువును ధ్యానించే శిష్యుడికి దీన్ని పోలిక చెప్తారు. చూసింది నిజమే. మట్టి గూట్లోకి పోయింది ఆకుపురుగు, బయటికి వచ్చింది రెక్కల పురుగు. కానీ మధ్యలో జరిగింది వేరు. కందిరీగ ఆ పురుగును కుట్టి కదలకుండా చేసి, దాని దగ్గర గుడ్డు పెట్టి గూడు మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరుగుతుంది. ఫ్రాన్సులో జాన్ హెన్రీ ఫాబర్ అనే బడిపంతులు 19వ శతాబ్దంలో ఎండలో గంటల కొద్దీ కూర్చుని ఇట్లాంటి కందిరీగల వేటను గమనించి రాసినాడు. కళ్లతో చూసింది నిజమైనా దానికి మనం చెప్పుకున్న కారణం తప్పు కావచ్చు. ఈ వ్యాసం రాస్తున్నంతసేపూ నాకు ఇదే మళ్లీ మళ్లీ ఎదురైంది.

అట్లా తప్పు పుస్తకాల్లో కూడా ఉంటుంది. అలర్జీ మీద రాసిన పాత వైద్య పుస్తకాల్లో ప్రపంచంలో మొదటి అలర్జీ చావు ఈజిప్టు రాజు మెనెస్‌ది అని, సుమారు 4600 ఏళ్ల కిందట ఆయన కందిరీగ కుట్టి చనిపోయినాడని రాసేవాళ్లు. ఆ కథ ఎక్కడి నుంచి వచ్చిందంటే, లారెన్స్ వాడెల్ అనే ఆయన 1930లో ఒక పాత పలక మీది బొమ్మల లిపిని తనకు తోచినట్టు చదివినాడు. ఈయన మన దేశంలో బ్రిటిష్ సైన్యంలో డాక్టరుగా పనిచేసిన మనిషే. ఆ లిపి చదవడం ఆయన పని కాదు. అయినా డెబ్బై ఏళ్లకు పైగా ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయినారు. 2004లో గాని ఆ కథ నిలబడదని గట్టిగా రాసినవాళ్లు లేరు. పాత గ్రీకు రాతల్లో అయితే ఆ రాజును నీటిగుర్రం చంపిందని ఉంది. కందిరీగకూ నీటిగుర్రానికీ ఎంత తేడా!

ఇక సున్నం సంగతి. మా పదో తరగతి సైన్సు పుస్తకంలో ఆమ్లాలు, క్షారాల పాఠంలో తేనెటీగ కుడితే ఆమ్లం వల్ల మంట వస్తుందని, వంటసోడా లాంటి క్షారం రాస్తే తగ్గుతుందని ఉంది. సున్నం కూడా క్షారమే. అంటే మా అవ్వ పాఠం చదవకుండానే పాఠం చేసి చూపించింది అనుకుని నేను మొదట సంబరపడినాను. తర్వాత ఇంకొంచెం చదివితే అంత సులభం కాదని తెలిసింది.

ఈ ఆమ్లం కథ చీమలతో మొదలైంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ రే అనే ఆయన చీమలను బట్టీ పెట్టి ఒక పుల్లటి ద్రవం తీసినాడు. అదే ఫార్మిక్ ఆమ్లం. లాటిన్ భాషలో చీమకు ఉన్న పేరునుంచే ఆ పేరు వచ్చింది. చీమలో ఉంది కాబట్టి తేనెటీగలోనూ అదే ఉంటుందని జనం అనుకున్నారు. కందిరీగది దీనికి ఉల్టా, అది క్షారం కాబట్టి వెనిగర్ రాయాలని ఇంకొందరు చెప్పినారు. నిజానికి కుట్టు నొప్పికి కారణం ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. ఆ విషంలో హిస్టమిన్ ఉంటుంది. నరాలను నేరుగా రెచ్చగొట్టే చిన్న చిన్న ప్రోటీను ముక్కలు ఉంటాయి. కందిరీగ విషంలో కైనిన్ అనే అట్లాంటి పదార్థం ఉందని 1954లో కనుక్కున్నారు. పైగా ఆ విషం మిల్లీగ్రాములో చిన్న వంతు మాత్రమే, అదీ చర్మం కిందికి దిగిపోయి ఉంటుంది. పైన పూసిన సున్నం దాని దగ్గరికే పోదు. ఇది మా సైన్సు మేడంను అడిగితే ఆమె కోప్పడలేదు. "పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టు రాయి, పత్రికలో నువ్వు చదివింది రాయి" అన్నారు.

ఇంకా చెప్పాలంటే సున్నం పెదవి మీద పెట్టాల్సిన వస్తువు కాదు. కుట్టిన మంట ఆ రోజే పోయింది గాని, సున్నం వల్ల తోలు ఊడిన చోట మూడు రోజులు కారం తగిలితే నేను ఎగిరి పడినాను. ఆ సంగతి అవ్వకు చెప్పలేదు.

నొప్పిని కొలిచినవాళ్లు కూడా ఉన్నారు. అమెరికాలో జస్టిన్ ష్మిట్ అనే కీటక శాస్త్రవేత్త రకరకాల పురుగులతో కుట్టించుకుని 1983 నుంచి నొప్పికి మార్కులు వేసినాడు. సున్నా నుంచి నాలుగు వరకు. తేనెటీగకు రెండు. దాన్ని కొలబద్దగా పెట్టుకుని మిగతావి కొలిచినాడు. కొన్ని కాగితపు గూటి కందిరీగలకు మూడు. సాలెపురుగులను వేటాడే ఒక పెద్ద కందిరీగకు నాలుగు. ఆయన 2023లో చనిపోయినాడు, కందిరీగ కుట్టి మాత్రం కాదు. మైకేల్ స్మిత్ అనే విద్యార్థి ఇంకా ముందుకు పోయినాడు. ఒంటి మీద 25 చోట్ల తేనెటీగలతో కుట్టించుకుని ఎక్కడ ఎక్కువ నొప్పో 2014లో ప్రకటించినాడు. అన్నిటికంటే ఎక్కువ ముక్కుపుటం. రెండోది పై పెదవి! ఇది చదివినప్పుడు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. ఆ రోజు అంత గట్టిగా అరిచినందుకు మా తమ్ముడు నన్ను ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. వాడికి ఆ పేజీ చూపించినాను.

అయితే ఇన్ని మందులు ఎందుకు పని చేసినట్టు కనిపిస్తాయి? నా జవాబు ఇది. మామూలు కందిరీగ కుట్టుకు గట్టి మంట కొన్ని నిమిషాలే. తర్వాత దానంతట అదే తగ్గుతూ పోతుంది. ఆ సమయంలో ఏది రుద్దినా ఆ పేరు దానికి వస్తుంది. మా అమ్మ చిన్నప్పుడు వాళ్ల ఊర్లో తేలు మంత్రం వేసే తాత ఉండేవాడంట. ఆయన ఇల్లు ఊరి చివర. నడిచి పోయేసరికే పావుగంట. ఆయన స్నానం చేసి, కుంకం పెట్టుకుని, వేపమండ తీసుకుని కూర్చునేసరికి ఇంకో పావుగంట. అప్పటికి సగం నొప్పి దిగిపోయి ఉంటుంది. నేను ఆ తాతను మోసగాడు అనడం లేదు. ఆయన డబ్బులు తీసుకునేవాడు కాదంట. భయపడిన మనిషిని కూర్చోబెట్టి, "ఏం కాదు, దిగుతుంది" అని చెప్పేవాడు. అట్లా చెప్పే మనిషి ఉంటే నొప్పి ఓర్చుకోవడం సులభమే. కుట్టింది అని చెప్పుకోలేని వాడి బాధే పెద్ద బాధ. "తేలు కుట్టిన దొంగ" అని మనం ఊరికే అనం కదా.

మాకు దగ్గర్లోని కర్నూలు జిల్లా కోడుమూరులో కొండలరాయుడి గుడి ఉంది. శ్రావణమాసం మూడో సోమవారం జనం అక్కడి కొండరాళ్ల కింద తేళ్లను చేతులతో పట్టి స్వామికి సమర్పిస్తారు. కుట్టినా గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తే తగ్గిపోతుందని నమ్మకం. ఇటు యాదగిరి జిల్లా కందకూరు కొండ మీద కూడా నాగుల పంచమికి తేళ్లను పట్టుకుంటారు. అక్కడ కుట్టించుకున్న వాళ్లలో ఎక్కువ మంది నవ్వుతూనే ఇంటికి పోతారు. కానీ ఎర్ర తేలు విషం గుండె మీద పడితే ప్రదక్షిణ చాలదు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ అనే మందుతో ఎర్ర తేలు కుట్టిన వాళ్లను బతికించవచ్చని చూపించినాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు అక్కడ తేలు కుట్టి చనిపోయిన పిల్లల ఇళ్లలో కూడా ఎవరో ఒకరు మంత్రం వేసే ఉంటారు, ఎవరో ఒకరు ఏదో పూసే ఉంటారు.

నొప్పి వేరు, ప్రమాదం వేరు. నాకు ఇది అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. నాలాగా అరిచేవాడికి ప్రమాదం ఉండకపోవచ్చు. అరవకుండా కూర్చున్నవాడికి ఉండవచ్చు.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా అవ్వ ఆకువక్క తినదు. అయినా నడుముకు ఎప్పుడూ ఆ సంచి, సంచిలో సున్నపు డబ్బీ. ఎండిపోతే కొత్త సున్నం నింపుకుంటుంది. పెళ్లికి పోయినా, తిరుపతికి పోయినా అది ఉండాల్సిందే. అది ముసలివాళ్ల అలవాటు అనుకున్నాను. ఈ వ్యాసం కోసం అడిగితే అవ్వ "ఊరికే" అనింది. మా అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసి చెప్పింది.

అవ్వ పుట్టిల్లు ఆలూరు తాలూకాలో ఒక పల్లె. ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు మొదట మా బళ్ళారి జిల్లాలోనివే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అవి అటు పోయినాయి, బళ్ళారి మైసూరు వైపు వచ్చింది. కాగితం మీద రాష్ట్రం మారినా వాళ్లకు పెద్ద ఊరు అంటే బళ్ళారే. అవ్వకు ఒక అన్న ఉండేవాడంట. పదహారేళ్లు. ఒకసారి చేనులో నాలుగైదు కందిరీగలు కుట్టి ఒళ్లంతా దద్దుర్లు లేచినాయి, రెండు రోజులకు తగ్గిపోయినాయి. అందరూ మర్చిపోయినారు. మరుసటి ఏడు, "లాల్ బహదూర్ శాస్త్రి పోయిన ఏడు" అని అవ్వ లెక్క, అంటే 1966, సెనక్కాయలు పెరికే కాలంలో బావి దగ్గర ఒకే ఒక్క కందిరీగ మెడ మీద కుట్టింది. ఆయన అరవలేదు. కూర్చున్నాడు. గొంతు పట్టేసినట్టు ఉందన్నాడు. పెదవులు, కళ్లు ఉబ్బినాయి. ఊపిరి కూతలాగా వచ్చింది. ఇంట్లో సున్నం అయిపోయి ఉంటే పదేళ్ల మా అవ్వను అంగడికి పంపినారు. దారిలో కోతులాట ఆడుతుంటే ఆ పిల్ల కొంచెంసేపు నిలబడి చూసిందంట. సున్నం తీసుకొని వచ్చేసరికి ఇంటి ముందు జనం. అర్ధగంట కూడా కాలేదు. వాళ్ల అమ్మ ఆ ఏడుపులో ఒక్కసారి అనింది, "నువ్వు ఉరికొచ్చింటే నా కొడుకు దక్కేవాడు" అని. మళ్లీ ఎప్పుడూ అనలేదు. అవసరం లేదు కదా, ఒక్కసారి చాలు.

ఊర్లో వాళ్లు గాలి సోకింది అన్నారు, పాము అన్నారు. కందిరీగ ఒకటి కుడితే మనిషి చనిపోతాడా అన్నారు.

చనిపోతాడు. ఎందుకో కనిపెట్టింది ఒక ఓడ మీద. 1901లో షార్ల్ రిషే, పోల్ పోర్టియే అనే ఇద్దరు ఫ్రాన్సు శాస్త్రవేత్తలు మొనాకో రాజు ఓడలో సముద్రం మీదికి పోయి కుట్టే సముద్రజీవుల విషం మీద పని మొదలుపెట్టినారు. తిరిగి వచ్చినాక కుక్కలకు కొంచెం కొంచెం విషం ఇచ్చి అలవాటు చేస్తే తర్వాత తట్టుకుంటాయని చూడాలనుకున్నారు. జరిగింది ఉల్టా. మొదటిసారి ఏమీ కాని కుక్క, కొన్ని వారాల తర్వాత చిన్న మోతాదుకే ఊపిరాడక నిమిషాల్లో చచ్చిపోయింది. విషం చంపలేదు. విషాన్ని ఒకసారి చూసిన ఒళ్లు రెండోసారి తనంతట తాను తిరగబడింది. దీనికి వాళ్లు 1902లో అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టినారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది చదువుతున్నప్పుడు నాకు మొదట దద్దుర్లు, తర్వాత ఒకే ఒక్క కందిరీగ, అదే కళ్ల ముందు తిరిగింది. మా ఇంటికి దగ్గర్లోని డాక్టరమ్మను అడిగినాను. అరవై ఏళ్ల కిందటి మనిషి గురించి ఖాయంగా చెప్పలేం గాని, నువ్వు చెప్పినవన్నీ దాని లక్షణాలే అన్నారు.

దీనికి మందు కూడా అదే కాలంలో దొరికింది. జొకిచి తకమినే అనే జపాను ఆయన అడ్రినలిన్‌ను శుద్ధి చేసి తీసినట్టు 1901లో ప్రకటించినాడు. తొడలో ఆ సూది వేస్తే బిగుసుకున్న గొంతు వదులవుతుంది, పడిపోయిన రక్తపోటు లేస్తుంది. నిమిషాల్లో వేయాలి.

మళ్లీ కుట్టినా ప్రమాదం రాకుండా ముందే చేసే వైద్యంలో మాత్రం పెద్ద డాక్టర్లు కూడా మా వీధి వాళ్ల లాగానే పొరపాటు పడినారు. 1930 నుంచి తేనెటీగల, కందిరీగల శరీరం మొత్తం నూరి తీసిన రసాన్ని సూదిగా వేసేవాళ్లు. చాలా మందికి బాగైందని అందరూ నమ్మినారు. 1978లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు మూడు గుంపులు చేసి పరీక్షించినారు. తర్వాత కుట్టించి చూస్తే ఉత్త మందు తీసుకున్న 12 మందిలో 7 మందికి అలర్జీ వచ్చింది. నూరిన రసం తీసుకున్న 11 మందిలోనూ 7 మందికి వచ్చింది. అసలు విషాన్నే కొంచెం కొంచెంగా తీసుకున్న 18 మందిలో ఒక్కరికే వచ్చింది. అంటే సుమారు యాభై ఏళ్లు తెల్లకోటు వేసుకుని సున్నం పూసినట్టే అయింది. ఉత్త మందు తీసుకున్న ఐదుగురికి ఏమీ కాలేదు చూడండి. అట్లాంటి వాళ్లే ఆ రసానికి పేరు తెచ్చి ఉంటారు. ఇది చదివినాక మా బీగం చెవి అన్న మీద నాకు కోపం పోయింది.

డాక్టరమ్మ చెప్పింది కూడా ఇక్కడే రాస్తాను, ఎందుకంటే ఈ పత్రిక అమ్మానాన్నలు కూడా చదువుతారు. కుట్టిన వెంటనే గూడు దగ్గర నుంచి దూరం పోవాలి. తేనెటీగ అయితే ముల్లు తీసేయాలి. సబ్బుతో కడిగి, ఐసు ముక్క గుడ్డలో చుట్టి పెట్టాలి. ఐసు లేకపోతే చల్లటి పాల ప్యాకెట్టు చాలు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి. నొప్పికి పారాసిటమాల్ చాలు. కుట్టిన చోట వాపు, దురద రెండు మూడు రోజులు ఉంటే భయం లేదు. కానీ కుట్టింది ఒక చోటైతే దద్దుర్లు ఒళ్లంతా లేచినా, నాలుక గొంతు ఉబ్బినా, ఊపిరి కూత వేసినా, కళ్లు తిరిగినా ఏమీ పూస్తూ కూర్చోకూడదు. మనిషిని పడుకోబెట్టి, ఊపిరాడకపోతే ఆనుకుని కూర్చోబెట్టి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి. నడిపించకూడదు. ఒకేసారి చాలా కుట్టినా అంతే. ఒకసారి అట్లా అయినవాళ్లు ఆ మాట బడిలో, పనిలో అందరికీ చెప్పి ఉంచాలి.

ఇదంతా తెలుసుకున్నాక అవ్వకు చెప్పాలా వద్దా అని నాకు, అమ్మకు వారం రోజులు మాట్లాడుకోవడమే సరిపోయింది. అమ్మ వద్దనింది. చివరికి ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు అరుగు మీద కూర్చుని నేనే మొదలుపెట్టినాను. కుక్కల కథ చెప్పినాను, ఓడ కథ చెప్పినాను. చివర, "అవ్వా, సున్నం ఎంత తొందరగా తెచ్చింటేనూ ఆయన దక్కేవాడు కాదు" అన్నాను.

అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ సూది అప్పుడు ఉండెనా?" అని అడిగింది.

లేదని చెప్దామని నోటి దాకా వచ్చింది. కానీ చరిత్ర వ్యాసం రాస్తూ అబద్ధం చెప్పడం బాగుండదనిపించింది. ఉండేది అవ్వా, 1901 నుంచే ఉంది అన్నాను. బళ్ళారిలో 1961లోనే మెడికల్ కాలేజీ కూడా పెట్టినారు. కానీ మీ ఊరి నుంచి ఎద్దుల బండిలో ఇక్కడికి రావాలంటే సగం పూట, ఆయనకు అర్ధగంట కూడా లేదు అన్నాను.

"ఊ" అనింది. సంచిలో చెయ్యి పెట్టి డబ్బీని పట్టుకుని అట్లే కూర్చుంది. కరెంటు వచ్చినా లేవలేదు. నేను లోపలికి పోదామని లేస్తే అప్పుడు మాట్లాడింది.

"కోతులాట అని మీ అమ్మకు ఎవురు చెప్పినారో. కోతులు కాదు. గంగిరెద్దు. కొమ్ములకు ఎర్ర గుడ్డలు కట్టింటిరి, మెడలో గంటలు. మా అన్న బాగుండింటే వాడు కూడా నాతో వచ్చి చూసేవాడు. రాసేటప్పుడు సరిగ్గా రాయి."

అందుకని రాస్తున్నాను. కోతులాట కాదు, గంగిరెద్దు.